వింటేజ్ షాంపేన్ పరిపక్వత, రుచి పరిశీలన: ద్రాక్షతోట నుండి గాజుపాత్ర వరకు

సారాంశం

ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగంలోని షాంపేన్ సీమలో ఒకే సంవత్సరపు పంటతో తయారయ్యే వింటేజ్ షాంపేన్, నిల్వ వలన గుణం పెరిగే కొద్దిపాటి వ్యవసాయోత్పత్తులలో ఒకటి. ఈ పరిపక్వత రెండు దశలలో జరుగుతుంది: మొదటిది సీసాలో ఈస్టు మడ్డితో కలిసి ఉన్న కాలం, రెండవది మడ్డిని తొలగించిన తరువాతి కాలం. ఈ రెండు దశలలోని రసాయనిక మార్పులను, వాటిని రుచి పరిశీలనలో గుర్తించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. దీర్ఘకాలపు నిల్వకు కావలసిన శక్తి నేలమాళిగలో పుట్టదని, కోతనాటి ద్రాక్షలోనే నిర్ణయమవుతుందని, వేడెక్కుతున్న వాతావరణంలో ఆ శక్తికే ముప్పు ఏర్పడుతున్నదని ఇందులో ప్రతిపాదించడమైనది.

కీలక పదాలు: షాంపేన్, వింటేజ్, ఆమ్లత, ఈస్టు స్వయంవిచ్ఛేదనం, ఇంద్రియ పరీక్ష, వాతావరణ మార్పు

1. ఉపోద్ఘాతం

నిల్వ అనగానే వ్యవసాయ శాస్త్ర విద్యార్థికి మొదట గుర్తుకు వచ్చేది నష్టం. పురుగు, బూజు, తేమ, మొలక శాతం తగ్గడం వంటివే కోతానంతర పాఠాలలో అధిక భాగాన్ని ఆక్రమిస్తాయి. అయితే కాలం గడిచేకొద్దీ మేలుపడే ఉత్పత్తులు కూడా లేకపోలేదు. కొత్త బియ్యం కంటే పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ మార్పునకు గింజలోని పిండిపదార్థం, మాంసకృత్తులు నిల్వలో నెమ్మదిగా మారడమే కారణం. వింటేజ్ షాంపేన్ ఇదే కోవకు చెందినది. కాని ఇందులో మార్పు దశాబ్దాల పాటు సాగుతుంది, దాని ప్రతి మెట్టునూ కన్ను, ముక్కు, నాలుకలతో పరీక్షించవచ్చు. అందువలన ఇది కోతానంతర శాస్త్రానికి మంచి అధ్యయన వస్తువు.

షాంపేన్‌లో అధిక భాగం పలు సంవత్సరాల మద్యాలను కలిపి తయారవుతుంది. చల్లని సీమలో ఏటేటా మారే పంట గుణాన్ని సమం చేయడానికి ఏర్పడిన పద్ధతి అది. పంట బాగున్న ఏడాది మాత్రమే ఉత్పత్తిదారు ఆ సంవత్సరాన్ని సీసాపై ప్రకటిస్తాడు. అటువంటి సీసాలో ఆ ఏటి పంట తప్ప మరేదీ ఉండరాదు. ఒక ఉత్పత్తిదారు తన ఏటి పంటలో 80 శాతానికి మించి వింటేజ్‌గా అమ్మరాదు. మిగిలినది రాబోయే సంవత్సరాల మిశ్రమాలకు నిల్వగా ఉండాలి. సాధారణ షాంపేన్ సీసాలో కనీసం 15 నెలలు ఉండాలని నియమం కాగా, వింటేజ్‌కు ఆ గడువు 3 సంవత్సరాలు. పేరుపొందిన సంస్థలు అంతకు రెండింతలు, మూడింతలు కాలం వేచి ఉండటం పరిపాటి.

2. తోటలో పడే పునాది

షాంపేన్ సీమ దాదాపు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద, ద్రాక్ష సాగుకు ఉత్తరపు అంచున ఉన్నది. పినో నువార్, మ్యూనియే అనే నల్ల రకాలు, షార్డొనే అనే తెల్ల రకం ఇక్కడి ప్రధాన పంటలు. నేల అడుగున చాలాచోట్ల సుద్ద పొర ఉంటుంది. సన్నని రంధ్రాలు గల ఈ సుద్ద ఒక్కొక్క ఘనపు మీటరుకు 300 నుండి 400 లీటర్ల నీటిని నిలుపుకోగలదు. వర్షాకాలంలో అదనపు నీటిని పీల్చుకొని, ఎండాకాలంలో వేళ్లకు కొద్దికొద్దిగా అందిస్తుంది.

దీర్ఘకాలపు నిల్వకు మూలాధారం ఆమ్లత. ద్రాక్ష పండేటప్పుడు టార్టారిక్ ఆమ్లం చాలావరకు స్థిరంగా ఉంటుంది. మాలిక్ ఆమ్లం మాత్రం శ్వాసక్రియలో ఖర్చవుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే ఈ ఖర్చు వేగంగా జరుగుతుంది. హైదరాబాదు పరిసరాలలోని అనాబ్-ఎ-షాహీ తోటల వంటి ఉష్ణ ప్రాంతపు తోటలలో తీపి పెరుగుతుండగా పులుపు త్వరగా జారిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. షాంపేన్ చల్లదనంలో ఈ జారుడు నెమ్మదిగా సాగుతుంది కనుక మద్యపు పి.హెచ్. సుమారు 3.0 నుండి 3.2 వరకు నిలుస్తుంది. ఈ స్థాయిలో హానికర బాక్టీరియా పెరుగుదల అణగి ఉంటుంది, ఆక్సీకరణ మందగిస్తుంది, రక్షణకై కలిపే గంధకపు వాయువు తక్కువ మోతాదులోనే పనిచేస్తుంది.

రసం తీయడం కూడా ఈ లక్ష్యానికి అనుగుణంగానే జరుగుతుంది. గుత్తులను చేతితోనే కోయాలి. 4000 కిలోల పండ్ల నుండి 2550 లీటర్ల రసం మాత్రమే తీయాలి. అందులో మొదటి 2050 లీటర్లలో ఆమ్లం అధికం, రంగు స్వల్పం. తరువాతి 500 లీటర్లలో ఖనిజ లవణాలు ఎక్కువ, ఆమ్లత తక్కువ. అది త్వరగా ముదురుతుంది. అందుచేత దీర్ఘకాలపు నిల్వకు ఉద్దేశించిన మద్యంలో మొదటి రసానికే ప్రాధాన్యం.

3. మొదటి దశ: మడ్డితో కలిసి ఉన్న కాలం

మొదటి కిణ్వనం ముగిసిన నిశ్చల మద్యానికి లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్టు కలిపి సీసాలలో బిగిస్తారు. సీసాలో జరిగే రెండవ కిణ్వనం వలన ఆల్కహాలు ఒక శాతానికి కొంచెం పైగా పెరుగుతుంది. లీటరుకు దాదాపు 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కరిగి, లోపలి పీడనం సుమారు 6 అట్మాస్ఫియర్లకు చేరుతుంది. 75 సెంటీలీటర్ల సీసాలో ఉండే ఈ వాయువును బయటకు తీసి కొలిస్తే 5 లీటర్లకు దగ్గరగా ఉంటుంది.

చక్కెర అయిపోయాక ఈస్టు కణాలు చనిపోయి అడుగున మడ్డిగా చేరుతాయి. కొన్ని నెలల తరువాత వాటిలోని ఎంజైములు ఆ కణాలనే విచ్ఛిన్నం చేయనారంభిస్తాయి. ఇదే స్వయంవిచ్ఛేదనం. దీనివలన అమైనో ఆమ్లాలు, పెప్టైడ్లు, కణకవచం నుండి మానోప్రోటీన్లు మద్యంలోకి విడుదలవుతాయి. అమైనో ఆమ్లాలు తరువాతి వాసనలకు ముడిసరుకు. మానోప్రోటీన్లు నోటిలో నునుపును కలిగించి, నురుగుకు నిలకడనిస్తాయి. 10 నుండి 12 డిగ్రీల సెల్సియస్ గల సుద్ద నేలమాళిగలలో, అంతటి ఆమ్లతలో, ఈ ఎంజైములు అతి నెమ్మదిగా పనిచేస్తాయి. సంవత్సరాల నిరీక్షణ అందుకే తప్పదు. మడ్డి తనకు చేరువైన ప్రాణవాయువును పీల్చివేస్తుంది కూడా. ఆ కారణంగా మడ్డిపై ఉన్న మద్యం వయస్సు పెరిగినా తాజాగానే ఉంటుంది.

4. రెండవ దశ: మడ్డి తొలగిన తరువాత

సీసాను క్రమంగా తిప్పుతూ తలక్రిందులు చేసి మడ్డిని మెడలోకి చేర్చి, మెడను సుమారు మైనస్ 27 డిగ్రీల ఉప్పుద్రావణంలో ముంచి గడ్డకట్టిస్తారు. మూత తీయగానే లోపలి పీడనమే ఆ మంచుబిళ్లను బయటకు నెడుతుంది. ఖాళీ అయిన మేరకు మద్యం, కొద్దిగా చక్కెర కలిపి కార్కు బిగిస్తారు. బ్రూట్ అనే తరగతిలో చక్కెర లీటరుకు 12 గ్రాములకు లోపు ఉండాలి.

ఈ క్షణం నుండి రసాయనిక మార్గం మారుతుంది. కాపలా కాసిన మడ్డి ఇక లేదు. కార్కు గుండా స్వల్పంగా ప్రాణవాయువు లోపలికి, కార్బన్ డయాక్సైడ్ బయటకు ప్రయాణిస్తాయి. కలిపిన చక్కెరకు, మొదటి దశలో విడుదలైన అమైనో ఆమ్లాలకు మధ్య మెయిలార్డ్ చర్యలు మెల్లగా సాగుతాయి. రొట్టె పైపొర ఎర్రబడటానికి కారణమైనవి ఈ చర్యలే. పాత షాంపేన్‌లలో గుర్తించిన 2-ఫ్యూరాన్‌మిథేన్‌థయోల్ అనే గంధక సమ్మేళనం వేయించిన కాఫీ వాసననిస్తుంది.

కనుక ఒకే సంవత్సరపు, ఒకే మిశ్రమపు రెండు సీసాలలో ఒకదాని మడ్డి 8వ ఏట, మరొకదానిది 25వ ఏట తొలగిస్తే, 30వ ఏట అవి రెండు వేర్వేరు మద్యాలుగా కనిపిస్తాయి. బొలాంజే సంస్థ 1952 పంటను ఆలస్యంగా మడ్డి తొలగించి 1967లో విడుదల చేసినప్పటి నుండి ఈ తేడాకు వ్యాపార ప్రాముఖ్యం కూడా ఏర్పడింది. పరిశీలకుడు పంట సంవత్సరంతో పాటు మడ్డి తొలగించిన తేదీని కూడా తప్పక నమోదు చేయాలి.

సీసా పరిమాణం మరొక అంశం. 1.5 లీటర్ల మాగ్నమ్ సీసాలో మద్యం రెండింతలైనా మూత పరిమాణం దాదాపు అంతే. లీటరుకు లెక్కిస్తే వాయు మార్పిడి తక్కువ, అందుచేత ముదురుదల నెమ్మది. వెలుతురు కూడా శత్రువే: అది రైబోఫ్లేవిన్ ద్వారా మెథియోనైన్‌ను విచ్ఛిన్నం చేసి, ఉడికిన క్యాబేజీని పోలిన దుర్వాసన పుట్టిస్తుంది. ముదురు రంగు సీసా, చీకటి, స్థిరమైన చల్లదనం నిల్వకు అవసరం.

5. రుచి పరిశీలన క్రమం

పరిశీలనకు ముందు సీసాను 10 నుండి 12 డిగ్రీలకు చల్లబరచాలి. మరీ చల్లగా ఉంటే పరిపక్వ వాసనలు పైకి రావు. వెడల్పు పళ్లెం వంటి పాత్ర వాయువును త్వరగా కోల్పోతుంది. మరీ సన్నని పొడవు పాత్రలో వాసన విప్పారదు. మధ్యలో ఉబ్బి, అంచున ముకుళించిన పాత్ర మేలు. పాత్రను వంచి గోడ వెంబడి పోస్తే కరిగిన వాయువు ఎక్కువగా నిలుస్తుందని రీమ్స్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త జెరార్డ్ లిజే-బెలేర్ బృందం 2010లో నిరూపించింది. పలు నమూనాలను పరీక్షించేవారు మింగక ఉమ్మివేయడం నియమం.

(అ) కార్కు: తీసిన వెంటనే అడుగు భాగం వెడల్పుగా విప్పారితే సాగుదల మిగిలి ఉన్నట్లు. సన్నని మేకు వలె ఉండిపోతే అది చాలాకాలం సీసాలో ఉండి బిగువు కోల్పోయినట్లు.

(ఆ) చూపు: లేత షాంపేన్ ఆకుపచ్చ ఛాయ గల లేత పసుపు. వయస్సుతో బంగారు రంగు, పిమ్మట తేనె రంగు వస్తాయి. బుడగల సంఖ్యను బట్టి నాణ్యతను నిర్ణయించరాదు. పాత్రకు అంటిన సన్నని నూలుపోగుల వంటి రేణువులే బుడగలకు జన్మస్థానాలు. పాత మద్యంలో వాయువు తగ్గడం వలన బుడగలు చిన్నవిగా ఉండటం సహజం.

(ఇ) వాసన: మొదట నిమ్మ, పచ్చి ఆపిల్, తెల్లని పూలు; మడ్డి ప్రభావంతో వెన్న రొట్టె, బాదం; మడ్డి తొలగిన తరువాతి వయస్సుతో ఎండు పండ్లు, తేనె, కాఫీ, పుట్టగొడుగు.

(ఈ) రుచి: ఆమ్లత, తీపి, నురుగు స్పర్శ, మింగిన లేదా ఉమ్మిన పిమ్మట నిలిచే కాలం.

పరిపక్వతకు, క్షీణతకు మధ్య తేడాను గుర్తించడమే ఈ పరీక్షలో కఠినమైన ఘట్టం. వేయించిన వాసనల వెనుక పండు వాసన ఇంకా నిలిచి, పులుపు నోటిని తేటపరుస్తుంటే అది పరిపక్వత. పండు జాడ పోయి, కమిలిన ఆపిల్ వాసన మాత్రమే మిగిలి, రుచి మధ్యలో ఖాళీ ఏర్పడితే అది క్షీణత. సీసాపై ముద్రించిన సంవత్సరాన్ని చూసి గౌరవించడం పరిశీలన కాదు. నమూనాలకు సంకేత సంఖ్యలు ఇచ్చి, సంవత్సరం మరుగుపరచి పరీక్షించడమే శాస్త్రీయం.

6. సముద్రగర్భపు సాక్ష్యం

2010లో బాల్టిక్ సముద్రంలో, ఫిన్లాండుకు చెందిన ఆలాండ్ దీవుల సమీపాన, సుమారు 50 మీటర్ల లోతున మునిగిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. వాటి వయస్సు 170 సంవత్సరాలుగా అంచనా. రీమ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ జాందే బృందం వీటిని విశ్లేషించి 2015లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు దాదాపు 150 గ్రాముల చక్కెర ఉండటం ఆనాటి తీపి అభిరుచికి నిదర్శనం. మొదట జంతు సంబంధమైన, జున్ను వంటి వాసనలు తోచినా, పాత్రలో తిప్పి గాలి తగలనిచ్చిన తరువాత పొగ, తోలు, పండ్లు, పూల వాసనలు వెలువడినట్లు పరిశీలకులు పేర్కొన్నారు. 2 నుండి 4 డిగ్రీల నీరు, పూర్తి చీకటి ఇంతటి రక్షణనిచ్చాయి. మొదటి ముక్కు పరీక్షతోనే తీర్పు చెప్పరాదన్న పాఠం కూడా ఇందులో ఉన్నది.

7. రెండు సంవత్సరాలు, ఒక హెచ్చరిక

1996లో చక్కెర, ఆమ్లం రెండూ అసాధారణంగా అధికమయ్యాయి. దీర్ఘకాలం నిలుస్తాయని పలువురు ఆ మద్యాలను కొనియాడారు. అయితే కొన్ని సీసాలలో పులుపు మెత్తబడక ముందే రంగు ముదిరి, పండు గుణం జారిపోయింది. ఆమ్లత ఒక్కటే చాలదని, పండు సమంగా పక్వం కావాలని ఆ అనుభవం తెలిపింది. 2003లో దీనికి విరుద్ధంగా, వసంతపు మంచు పంటను దెబ్బతీయగా, వేసవి వడగాలులు మిగిలినదాని ఆమ్లాన్ని హరించాయి. కోత ఆగస్టులోనే మొదలైంది. చాలా సంస్థలు ఆ సంవత్సరాన్ని వింటేజ్‌గా ప్రకటించలేదు.

ఆనాడు వింతగా తోచిన ఆగస్టు కోత నేడు తరచుగా జరుగుతున్నది. కొన్ని దశాబ్దాలలో కోత కాలం రెండు మూడు వారాలు ముందుకు జరిగింది. వేసవి చివరి వేడిలో కోసిన పండులో చక్కెర సులభంగా లభిస్తుంది, ఆమ్లం సులభంగా పోతుంది. మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బాక్టీరియా చర్యను నిలిపివేయడం, పులుపు నిలుపుకొనే పెతి మెలియే వంటి పాత రకాలను తిరిగి పరిశీలించడం, కోత తేదీని తోటవారీగా నిర్ణయించడం ప్రస్తుత ప్రయత్నాలు. వీటి ఫలితం నేడు తెలియదు. ఈనాటి కోత సరైనదో కాదో సీసా తెరిచే రోజున, అనగా ఇరవై ముప్పై సంవత్సరాల తరువాతనే తేలుతుంది.

8. ముగింపు

వింటేజ్ షాంపేన్ విషయంలో కాలం కొత్తగా దేనినీ ప్రసాదించదు. పండులో ఉన్నదానిని విప్పి చూపుతుంది, లేనిదానిని బయటపెడుతుంది. మడ్డి, చల్లదనం, చీకటి, కార్కు ఆ పనికి సహాయకులు మాత్రమే. కోతానంతర నాణ్యతను అధ్యయనం చేసే విద్యార్థి నిల్వగదిలో కొలతలు మొదలుపెట్టే ముందు కోతరోజు నమోదులను అడిగి తెప్పించుకోవాలి: ఆనాటి చక్కెర ఎంత, ఆమ్లం ఎంత, రాత్రి ఉష్ణోగ్రత ఎంత. నిల్వలో కనిపించే మంచిచెడులలో అనేకం ఆ పుటలోనే ముందుగా వ్రాసి ఉంటాయి.