ఫార్ములా సరే, సరుకెక్కడిది?

మాన్‌హాటన్ ప్రాజెక్టు అనగానే మనకి ఓపెన్‌హైమర్ టోపీ, బోర్డు నిండా సమీకరణాలు గుర్తొస్తాయి. నేను మాత్రం ఈసారి స్టోర్స్ డిపార్ట్‌మెంట్ వైపు నుంచి చూద్దాం అంటాను. అంత యురేనియం ఎక్కడి నుంచి తెచ్చారు?

ముందు చిన్న లెక్క. సహజ యురేనియంలో బాంబుకి పనికొచ్చే యు-235 సుమారు 0.7 శాతమే. హిరోషిమా బాంబులో వాడిన శుద్ధి చేసిన యురేనియం దాదాపు 64 కిలోలు. హాన్‌ఫర్డ్ రియాక్టర్లలో ప్లుటోనియం తయారీకి విడిగా మరెంతో కావాలి. అంటే గుప్పెడు సరుకుతో అయ్యే పని కాదు, వందల టన్నులు ఉండాలి.

అది ఎక్కువగా దొరికింది బెల్జియం పాలనలో ఉన్న కాంగోలో, కటంగా ప్రాంతపు షింకొలోబ్వే గనిలో. దాన్ని నడిపే యూనియన్ మినియేర్ కంపెనీకి అప్పట్లో కావలసింది రేడియం. యురేనియానికి పెద్దగా గిరాకీ లేదు. 1937లో గని మూసేస్తే నీళ్లు నిండిపోయాయి.

కంపెనీ పెద్ద ఎడ్గార్ సెంజియే. 1939 మే నెలలో బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ టిజార్డ్ ఆయన్ని హెచ్చరించారు: ఈ ఖనిజం శత్రువు చేతిలో పడితే ప్రమాదం అని. మరుసటి ఏడు బెల్జియం జర్మనీ వశమైంది. 1940 చివర్లో సెంజియే సుమారు 1,200 టన్నుల ఖనిజాన్ని న్యూయార్క్‌కి ఓడల్లో పంపించి, స్టాటన్ ఐలాండ్‌లో ఒక గోదాములో పెట్టించారు. అమెరికా విదేశాంగ శాఖకి చెప్పినా మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 1942 సెప్టెంబర్ 18న కర్నల్ కెన్నెత్ నికల్స్ ఆయన ఆఫీసుకి వెళ్లి, కాసేపట్లోనే బేరం కుదుర్చుకున్నారు.

ఆ సరుకు విలువేంటో చూడండి. అందులో ఆక్సైడ్ దాదాపు 65 శాతం. అమెరికా, కెనడా ఖనిజాల్లో 0.2 శాతం ఉంటేనే బాగుందనుకునేవారు. అంటే ఇక్కడి ఒక్క టన్ను అక్కడి 325 టన్నులకి సమానం! గని దగ్గర పనికిరాదని పక్కన పోసిన గుట్టల్లోనే 20 శాతం ఉండేదట.

తర్వాత అమెరికా సైన్యపు ఇంజినీర్ల సాయంతో నీళ్లు తోడి గనిని మళ్లీ తెరిచారు. తవ్వింది మాత్రం కాంగో కూలీలే. దేనికోసం తవ్వుతున్నారో వాళ్లకి తెలియదు, అంతా రహస్యం.

సెంజియేకి 1946లో అమెరికా పతకం ఇచ్చింది. సెంజియరైట్ అని ఒక ఖనిజానికి ఆయన పేరే పెట్టారు. ఆ కూలీల్లో ఒక్కరి పేరు కూడా నేను చదివిన వాటిలో కనబడలేదు. రేపు మనం ఏ ప్రాజెక్టులో చేరినా, డిజైన్ ఎవరిదని అడిగినట్టే ముడిసరుకు ఎవరి చేతుల మీదుగా వస్తోందని కూడా అడగాలి.