ఆ షరతు పనికి అవసరమేనా?

చి. అమ్మడికి,

ప్రమోషన్లకు అర్హతలు రాసే కమిటీలో నిన్ను వేసినందుకు సంతోషం. నువ్వు పంపిన చిత్తుప్రతిలో రెండు షరతులు మాత్రం నాకు మింగుడుపడలేదు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్నిటా 60 శాతం ఉండాలట. గడిచిన రెండేళ్లలో మూడు నెలలకు మించి సెలవు పెట్టి ఉండకూడదట.

అమెరికాలో, నార్త్ కరోలినాలోని డ్యూక్ పవర్ కంపెనీ కేసు నువ్వు తెలుసుకోవాలి. ఆ కంపెనీ డాన్ రివర్ విద్యుత్కేంద్రంలో నల్లజాతివాళ్లకు కూలి విభాగంలోనే పని. అక్కడ అందరికంటే ఎక్కువ జీతం వచ్చేవాడికి కూడా, మిగతా విభాగాల్లో అట్టడుగున ఉన్నవాడి కంటే తక్కువే ముట్టేది. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించిన చట్టం 1965 జూలై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజే కంపెనీ కొత్త షరతు తెచ్చింది. పై విభాగాల్లో కొత్తగా చేరాలంటే హైస్కూలు సర్టిఫికెట్‌తో పాటు రెండు రాతపరీక్షలు కూడా పాసవ్వాలంది. కాగితం మీద జాతి ఊసే లేదు. కానీ 1960 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్రంలో హైస్కూలు పూర్తిచేసిన తెల్ల మగవాళ్లు 34 శాతం, నల్ల మగవాళ్లు 12 శాతం. పైగా, ముందే చేరిన తెల్లవాళ్లు ఆ సర్టిఫికెట్ లేకుండానే పని చక్కగా చేస్తున్నారు, ప్రమోషన్లూ పొందుతున్నారు! 13 మంది నల్లజాతి ఉద్యోగులు కేసు వేశారు. పనితో సంబంధం లేని షరతు ఒక వర్గాన్ని బయట నిలబెడితే, పెట్టినవాళ్ల ఉద్దేశం ఏదైనా అది చెల్లదని 1971లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

2021లో మన సుప్రీంకోర్టు సైన్యంలోని మహిళా అధికారుల కేసులో ఈ తీర్పునే ప్రస్తావించింది. పదవీ విరమణ దాకా కొనసాగే పర్మనెంట్ కమిషన్‌కు మగవాళ్లను సర్వీసు అయిదో ఏటో పదో ఏటో పరీక్షించిన ఆరోగ్య ప్రమాణాన్నే, ఆ అవకాశం ఆలస్యంగా దక్కిన ఆడవాళ్లకు నలభై దాటాక వర్తింపజేశారు. అది వివక్షేనని కోర్టు చెప్పింది.

ఇప్పుడు మీ సెలవు షరతు చూడు. చట్టం ప్రసూతికి 26 వారాల సెలవు ఇచ్చింది. ఆ హక్కు వాడుకున్న ప్రతి తల్లీ నీ జాబితాలోంచి ఎగిరిపోతుంది. ఇక మార్కులంటావా, ఎనిమిదేళ్లుగా మీ కళ్లముందే పనిచేస్తున్న మనిషిని తూచడానికి పదో తరగతి మార్కులెందుకు?

ఆ మార్కులు లేనివాళ్లు, ఆ సెలవు పెట్టినవాళ్లు పనిలో ఎక్కడ వెనకబడ్డారో చూపించమని కమిటీని అడుగు. చూపించలేకపోతే ఆ రెండు షరతులూ కొట్టేయించు. కొత్తదానివని వెనక్కి తగ్గకు, అమ్మడూ.

మీ మామయ్య