కాంట్రా రీమేక్ చేస్తే ఏం ఉంచాలి?

ఉక్కునగరం క్వార్టర్లో అన్నయ్య, నేను టీవీకి వీడియో గేమ్ తగిలించి ఎక్కువగా ఆడింది కాంట్రానే. ఇచ్చేది 3 లైఫులు. నావి మొదటి స్టేజిలోనే అయిపోయేవి. అప్పుడు బటన్ నొక్కి అన్నయ్య లైఫు లాగేసుకునేదాన్ని. తిట్టేవాడు గానీ, ఆట ఆపేవాడు కాదు. రీమేక్‌లో ఉంచాల్సిన మొదటి ఫీచర్ ఇదే.

రెండోది కొనామి కోడ్. టైటిల్ స్క్రీన్‌లో పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ-కుడి, ఎడమ-కుడి, బి, ఏ, స్టార్ట్. 30 లైఫులు! నిజానికి 1986లో గ్రేడియస్ గేమ్‌ని టెస్ట్ చేయడానికి కష్టమై, కజుహిసా హషిమోటో పెట్టుకున్న కోడ్ ఇది. మన భాషలో డీబగ్ టూల్!

గ్రాఫిక్స్ ఎంతైనా మార్చండి. కొత్త డ్రెస్సులు, కొత్త గన్నులు ఆట వచ్చినవాళ్ళకి. ఈ రెండూ రానివాళ్ళకి. ఇవి లేకపోతే నేను చివరి స్టేజి చూసేదాన్నే కాదు.