నిలబడితే వేడి, కదిలితే చల్లన

మీ ఆయన ముచ్చటపడి జీపు ఎత్తు పెంచుకున్నాడు, బాగానే ఉంది చెల్లీ. ఎప్పుడో ఓ ఆదివారం అనంతగిరి గుట్టలెక్కించేది ఆయన. మిగతా రోజులన్నీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పక్కన దాన్ని నడిపేది నువ్వు. గురువారం సాయిబాబా గుడి దగ్గర బండ్లన్నీ ఇరుక్కుపోయినప్పుడు టెంపరేచర్ సూది పైకెక్కుతుంటే గుండె దడదడలాడేది కూడా నీకే. అందుకే ఈసారి చీరలూ పచ్చళ్లూ పక్కన పెట్టి ఇంజిన్ ఫ్యాను ముచ్చట పెట్టుకుందాం.

నువ్వు చెప్పిన ఒక్క మాటతోనే సగం జబ్బు తెలిసిపోయింది. చైతన్యపురి దగ్గర ఆగితే సూది ఎరుపు దాకా పోతోంది, హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద పడితే దానంతటదే దిగుతోంది, అన్నావు. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది. నిలబడ్డప్పుడు ఆ గాలిని లాగాల్సింది ఫ్యాను. కాబట్టి ముందు అనుమానం దాని మీదే. ఊళ్లో బాగుండి హైవే మీద వేడెక్కితే వేరే కథ. రేడియేటర్ లోపల పూడుకుపోయిందా, థర్మోస్టాట్ సరిగా తెరుచుకోవట్లేదా, వాటర్ పంపు పోయిందా చూడాలి. ఈ తేడా చెప్పకుండా బండి షెడ్డులో వదిలేశావనుకో, కొత్త రేడియేటర్ బిల్లు చేతిలో పడొచ్చు.

ఇప్పుడు ఎత్తు సంగతి. స్ప్రింగులు మార్చి లేపితే ఫ్యానుకి దాంతో పెద్ద పేచీ లేదు. ఛాసీకీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి లేపితేనే చిక్కు. రేడియేటర్ బాడీకి బిగించి ఉన్న బండ్లలో అది బాడీతో పాటు పైకి లేస్తుంది, ఇంజినూ దానికి బిగించిన ఫ్యానూ ఉన్నచోటే ఉంటాయి. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, మెకానిక్కులు ష్రౌడ్ అంటారే, దాని కింది అంచుకి రెక్కలు తగిలి టకటకమంటాయి. పైనేమో బెత్తెడు సందు. అడ్డుగా ఉందని ఆ తొడుగుని కోసి అవతల పారేస్తారు కొందరు. ఈ పని మాత్రం చేయనివ్వకు. తొడుగు లేకపోతే ఫ్యాను రేడియేటర్ మొత్తం నుంచి గాలి లాగలేదు, ఇంజిన్ పక్కనున్న వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. బాడీ ఎంత లేపారో రేడియేటర్‌నీ తొడుగునీ అంత కిందికి దించి బిగించాలి. అందుకు బ్రాకెట్లు చేయించుకోవచ్చు.

తర్వాత బానెట్ ఎత్తి చూడు. కానీ ముందు చున్నీ నడుముకి చుట్టుకో, జడ ముడేసుకో. కరెంటు ఫ్యాను ఇంజిన్ ఆపేశాక కూడా ఉన్నట్టుండి తిరుగుతుంది. ఏసీ వేస్తే చాలా బండ్లలో ఈ ఫ్యాను వెంటనే తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూపించు, పక్కనున్న అదే నంబరు రిలే తీసి దీని చోట పెట్టించు. అయినా కదలకపోతే ఆటో ఎలక్ట్రీషియన్‌తో బ్యాటరీ నుంచి మోటారుకి నేరుగా 12 వోల్టులు ఇప్పించు. అప్పుడు తిరిగితే మోటారు మంచిదే, వైరింగో సెన్సారో పోయినట్టు. అప్పుడూ తిరగకపోతే మోటారే పోయింది. ఇంకో చమత్కారం ఉంది. ఫ్యాను తిరుగుతుంటే ముందు గ్రిల్ దగ్గర ఓ కాగితం పట్టు. రేడియేటర్ వెనక ఫ్యాను ఉన్న బండిలో కాగితం గ్రిల్‌కి అతుక్కోవాలి. ఎగిరి నీ మీద పడిందంటే వైర్లు తిరగేసి కలిపారన్నమాట, ఫ్యాను ఉల్టా తిరుగుతోంది.

పాత డీజిల్ జీపు అయితే ఫ్యాను బెల్టు మీద తిరుగుతుంది. కొన్నిటికి మధ్యలో సిలికాన్ నూనెతో పనిచేసే క్లచ్ ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, రెక్కని చేత్తో తిప్పితే బరువుగా కదలాలి. గాలిపటం చరఖాలా గిర్రున తిరిగితే క్లచ్ పోయినట్టే. దాని మూతి చుట్టూ జిడ్డుగా, దుమ్ము అంటుకుని కనిపించినా అదే లెక్క.

రేడియేటర్ మూత మాత్రం వేడి మీద ముట్టుకోకు తల్లీ. లోపల బయటికంటే 1 బార్ ఎక్కువ ఒత్తిడి ఉంటే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి అవే నీళ్లు ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. ట్రాఫిక్‌లో సూది లేస్తే ఏసీ కట్టేసి హీటర్ ఫుల్లుగా పెట్టు. పిల్లలు చెమటలు కక్కుతారు, కాస్త గోల చేస్తారు, ఇంజిన్ బతుకుతుంది. అయినా దిగకపోతే పక్కకి తీసి ఆపేయడమే.

2020 అక్టోబరు వానలకి సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగాయి కదా, అలాంటప్పుడు ఎత్తు జీపులున్నవాళ్లకి నీళ్లంటే లెక్కుండదు. కానీ లోతు నీళ్లలో తిరిగే ప్లాస్టిక్ రెక్కలు ముందుకి వంగి రేడియేటర్‌ని చీరేస్తాయి. కరెంటు ఫ్యాను బండి అయితే నీళ్లలోకి దిగేముందే ఏసీ ఆపు. గుట్టల నుంచి వచ్చాక రేడియేటర్ జాలీల్లో బురద ఎండిపోకముందే కడిగించు, అదీ ఇంజిన్ వైపు నుంచి బయటికి, మెల్లటి ధారతో. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఆ సన్నని రేకులు మడతపడి గాలికి దారే ఉండదు.

ముందు బిగించిన ఆ ఇనప బంపరూ, వించీ, వరసగా లైట్లూ చూశావా? అవన్నీ రేడియేటర్‌కి వచ్చే గాలికి అడ్డమే. నన్నడిగితే అవి గుట్టల కోసం కాదు, ఫోటోల కోసం. పైగా అలాంటి ఇనప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈ మాట మీ ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు ఎత్తు.

రిపేరయ్యాక డబ్బులిచ్చే ముందు బండిని షెడ్డు ముందే ఏసీ వేసి నిలబెట్టు. పావుగంట, ఎండలో. సూది మధ్యలోనే ఆగిందా చూడు. కరెంటు ఫ్యాను బండి అయితే తర్వాత ఏసీ కట్టేసి, ఇంజిన్ వేడికి ఫ్యాను దానంతటదే తిరిగి ఆగుతోందా చూడు. ఆ తర్వాతే పర్సు తియ్యి.