కీళ్లజబ్బు, రొమ్ము క్యాన్సర్: కణాలకు దారి చూపే రిసెప్టర్లు

ప్రశ్న: బోరబండలో ఉంటూ హైటెక్ సిటీలో ఐటీ ఉద్యోగం చేస్తున్న 34 ఏళ్ల మహిళకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది, ఆమె తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రెండింటిలోనూ కీమోకైన్ రిసెప్టర్ల పాత్ర ఉందని చదివిన ఆమె, కీళ్లజబ్బు క్యాన్సర్‌గా మారుతుందా, ఈ రిసెప్టర్లను అడ్డుకునే మందు దొరికితే కీళ్లజబ్బుకు తాను వాడుతున్న మెథోట్రెక్సేట్ మానేయవచ్చా అని అడుగుతున్నారు.

జవాబు: కీళ్లజబ్బు రొమ్ము క్యాన్సర్‌గా మారదు. రెండుచోట్లా ఒకే పేరు వినిపించడానికి కారణం, శరీరంలో కణాలు ఒకచోటి నుంచి మరొకచోటికి చేరే పద్ధతిలో ఉంది. కీమోకైన్లు కణాలు విడుదల చేసే చిన్న ప్రొటీన్లు. మనిషిలో ఇవి సుమారు 50 రకాలు. వాటిని గుర్తుపట్టే రిసెప్టర్లు దాదాపు 20, కణం పైపొరను ఏడుసార్లు దాటుతూ అమరి ఉంటాయి. సూక్ష్మజీవి చొరబడిన చోట కీమోకైన్ల గాఢత ఎక్కువగా ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది కనుక, బెల్లం జాడ పట్టిన చీమలాగా తెల్ల రక్తకణం ఆ గాఢత పెరిగే దిక్కుకు పాకుతూ వెళుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో సూక్ష్మజీవి లేకపోయినా కీలు లోపలి పొర ఈ పిలుపును ఆపదు. వచ్చి చేరిన కణాలు మృదులాస్థినీ ఎముకనూ దెబ్బతీస్తాయి.

క్యాన్సర్ కణాలు ఇదే దారిని వాడుకుంటాయి. రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఆర్4, సీసీఆర్7 అనే రిసెప్టర్లు అధికంగా ఉంటాయని, సీఎక్స్‌సీఆర్4ను పిలిచే కీమోకైన్ లింఫు గ్రంథులు, ఊపిరితిత్తులు, కాలేయం, ఎముక మూలుగలలో, అంటే ఆ క్యాన్సర్ సాధారణంగా పాకే చోట్లలోనే, సమృద్ధిగా ఉంటుందని 2001లో వెలువడిన పరిశోధన చూపింది. ఇది వ్యాప్తికి సంబంధించిన విషయమే తప్ప, క్యాన్సర్ పుట్టుకకు కారణం కాదు.

ఇక మందుల సంగతి. కీళ్లజబ్బులో సీసీఆర్2, సీసీఆర్5లను అడ్డుకునే మందులు పరీక్షల్లో నిరాశపరిచాయి. ఒక రిసెప్టర్‌ను మూసినా తెల్లకణాలకు వేరే రిసెప్టర్లు దారి చూపుతుండటం దీనికి ఒక ముఖ్య కారణంగా భావిస్తున్నారు. ఒకే రిసెప్టర్ మీద పని ఆధారపడినచోట మాత్రం ఫలితం స్పష్టంగా దక్కింది: హెచ్‌ఐవీ కణంలోకి దూరకుండా సీసీఆర్5ను అడ్డుకునే మారావిరాక్ 2007లో, మూలుగలో మూలకణాలను పట్టి ఉంచే సీఎక్స్‌సీఆర్4ను అడ్డుకునే ప్లెరిక్సాఫర్ 2008లో అమెరికాలో అనుమతి పొందాయి. ఈ ప్లెరిక్సాఫర్‌ను మైలోమా, లింఫోమా రోగుల నుంచి మూలకణాలు సేకరించడానికి వాడతారు.

కాబట్టి రాని మందు కోసం ఉన్న మందు ఆపడం ప్రమాదకరం. ఒకసారి అరిగిన కీలు మళ్లీ మునుపటిలా కాదు. తల్లికి ఏ వయసులో క్యాన్సర్ బయటపడిందో, దగ్గరి బంధువుల్లో ఇంకెవరికైనా వచ్చిందో వైద్యులకు చెబితే, జన్యు పరీక్ష అవసరమో కాదో, మామోగ్రామ్ ఎప్పుడు మొదలుపెట్టాలో వారు నిర్ణయిస్తారు. ఇందుకు కీమోకైన్ రిసెప్టర్ల రక్తపరీక్షలేవీ అక్కరలేదు. అయితే మెథోట్రెక్సేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక, బిడ్డను కనాలన్న ఆలోచన ఉంటే గర్భం దాల్చకముందే ఆ సంగతి రుమటాలజిస్టుకు చెప్పి, వారి పర్యవేక్షణలో మందు మార్చుకోవాలి.