రిసెప్షన్‌లో ఫోటో బూత్: అతిథి చేతికి అందే బొమ్మ



పెళ్లి రిసెప్షన్‌లో స్టేజి మీద తీసే ఫోటో పెళ్లివారిది, బూత్‌లో తీసేది అతిథిది. స్టేజి ఎక్కిన కుటుంబం నాలుగు అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, కెమెరా వైపు ఓసారి చూసి దిగడానికి అరనిమిషం కూడా పట్టదు. ఆ ఫోటో ఆల్బమ్‌లో చేరి వధూవరుల ఇంట్లోనే ఉండిపోతుంది. అందులో ఉన్నవాళ్లలో చాలామంది దాన్ని ఎప్పుడూ చూడరు. బూత్‌లో తీసినది మాత్రం అప్పటికప్పుడు కాగితం మీదికి వచ్చి, అతిథి వెంట ఇంటికి వెళుతుంది. బూత్ ఎక్కడ పెట్టాలి, లైట్లు ఎలా ఉండాలి, కాగితం ఎంత తేవాలి అన్న లెక్కలన్నీ ఈ ఒక్క తేడా దగ్గరే మొదలవుతాయి.

బూత్ అంటే అసలు చిన్న గది. సైబీరియా నుంచి వలస వెళ్లిన అనతోల్ జోసెఫో 1925లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేలో ‘ఫోటోమాటన్’ పేరుతో ఫోటో యంత్రాలు పెట్టాడు. 25 సెంట్లు ఇచ్చి కూర్చుంటే సుమారు 8 నిమిషాల్లో 8 ఫోటోల పట్టీ బయటికి వచ్చేది. ఆ గదిలో పట్టేది ఒకరిద్దరే. తెలుగువారి రిసెప్షన్‌కు ఇంటిల్లిపాదీ కదిలి వస్తారు. తాతయ్య దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా ఆరేడుగురు ఒకే ఫోటోలో పడాలి. అందుకే ఫంక్షన్ హాల్ బూత్‌కు గోడలుండవు. వెనక ఒక బ్యాక్‌డ్రాప్, ఎదురుగా కెమెరా, పక్కన ప్రింటర్ ఉంటాయి.

మొదట తేల్చుకోవలసింది చోటు. హాల్లో అతిథి నడిచే దారి దాదాపు ఒకటే: గుమ్మం దగ్గర పన్నీరు, స్టేజి దగ్గర వరస, తర్వాత భోజనాలు, చివర కిళ్లీ. స్టేజి పక్కన బూత్ పెడితే రెండు వరసలూ కలిసిపోయి, ఎవరు దేనికోసం నిలబడ్డారో తెలియదు. డైనింగ్ హాల్ గుమ్మం ముందు పెడితే పిల్లలు ఆకలి మీద ఉంటారు, పెద్దల చూపు పంక్తి మీద ఉంటుంది. భోజనం ముగించి, చేతులు కడుక్కుని, జనం తీరిగ్గా కబుర్లకు ఆగే చోటు బూత్‌కు తగినది. అక్కడ కూడా కిళ్లీ బల్లకు ఇవతలే ఉంచాలి. నోట్లో కిళ్లీ పెట్టుకున్న మనిషి నవ్వలేడు.

ఇక కొలతలు. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు ఉన్న స్థలం దొరికితే పని సాఫీగా సాగుతుంది. మనుషులు బ్యాక్‌డ్రాప్‌కు ఆనుకోకుండా రెండు మూడు అడుగులు ముందుకు నిలబడితే నీడలు వెనక పడవు. వాళ్లకు 10 అడుగుల దూరంలో కెమెరా ఉంటుంది. ఏ లెన్స్ వాడాలో ఊహతో కాక లెక్కతో తేల్చుకోవచ్చు. దూరాన్ని సెన్సర్ వెడల్పుతో హెచ్చించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఫోటోలో పట్టే వెడల్పు వస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు. 10 అడుగుల దూరం నుంచి 28 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే 10 × 23 ÷ 28, అంటే 8 అడుగుల పైచిలుకు. ఆరేడుగురి కుటుంబానికి అది సరిపోతుంది. చోటు చాలక కెమెరాను దగ్గరికి జరిపి 18 మిల్లీమీటర్లతో తీస్తే, చివర నిలబడిన పిన్నిగారు ఉన్నదానికంటే లావుగా కనిపిస్తారు. అలాంటి ఫోటోను ఎవరూ ఇంట్లో పెట్టుకోరు.

బ్యాక్‌డ్రాప్ అందంగా ఉండటం కంటే, ముందు నిలబడ్డవాళ్లను అందంగా చూపించడం ముఖ్యం. పట్టుచీరల్లో ఎరుపు, మెరూన్ ఎక్కువ కనుక ఎర్రటి తెర వాటిని మింగేస్తుంది. గంధం రంగు, లేత ఆకుపచ్చ వాటిని ఎత్తి చూపిస్తాయి. సన్నని పూల పెడన అద్దకం కలంకారీ గుడ్డ చక్కగా నప్పుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలోని పెద్ద పెద్ద బొమ్మలు మాత్రం ముఖాలతో పోటీ పడతాయి. మెరిసే ఫ్లెక్స్, తళుకుబిళ్లల తెర ఫ్లాష్‌ను తిరిగి కెమెరా మీదికే కొడతాయి. ఎత్తు 8 అడుగులకు తగ్గకూడదు. స్టాండ్ కాళ్ల మీద ఇసుక సంచులు తప్పనిసరి, ఎందుకంటే ఫంక్షన్ హాళ్లలో తిరిగే పెద్ద ఫ్యాన్ గాలికి తెర తెరచాపలా లేస్తుంది. తెర కింద మెట్టు, వేదిక లాంటివి వద్దు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు, చేతికర్ర పట్టుకున్నవాళ్లు కూడా నేరుగా రాగలగాలి. పెద్దల కోసం చేతుల్లేని కుర్చీలు రెండు, పిల్లల కోసం ఒక చిన్న స్టూలు దగ్గర ఉంచుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది వెలుతురు విషయంలో. స్టేజి మీది గులాబీ, నీలం ఎల్‌ఈడీలు క్షణక్షణం రంగు మారుతూ బూత్ దాకా పాకుతాయి. హాల్ లైట్లనే నమ్ముకుంటే ఒక ఫోటోలో పెళ్లికూతురి మేనత్త నీలంగా, తర్వాతి దాంట్లో గులాబీగా ఉంటుంది. బూత్‌కు సొంత ఫ్లాష్ ఉండాలి, అదే అన్నిటినీ మించాలి. షట్టర్ 1/160, అపెర్చర్ ఎఫ్/8, ఐఎస్‌ఓ 400 దగ్గర మొదలుపెట్టి, ఫ్లాష్ బలాన్ని దానికి తగ్గట్టు సవరించుకోవచ్చు. ఎఫ్/8 వల్ల ముందు కూర్చున్న వరస, వెనక నిలబడ్డ వరస రెండూ స్పష్టంగా వస్తాయి. వైట్ బ్యాలెన్స్‌ను ఫ్లాష్‌కు కట్టేయాలి. ఫ్లాష్ బలాన్ని ఆటోకు వదిలేయకూడదు. తెల్ల పంచెల గుంపు వస్తే ఆటో వెలుతురు తగ్గిస్తుంది, నల్ల సూట్లు వస్తే పెంచుతుంది, రెండుసార్లూ ముఖాలు పాడవుతాయి.

నేరుగా కొట్టిన ఫ్లాష్‌కు జరీ తెల్లగా కాలిపోతుంది, నెక్లెస్ మీద చుక్కలు లేస్తాయి. అందుకని కెమెరాకు చెరో పక్క సాఫ్ట్‌బాక్సులు పెట్టి, మనిషి తలకంటే ఎత్తులో, కిందికి వంచి ఉంచాలి. ఆ ఎత్తు వల్ల కళ్లజోళ్ల అద్దాల మీద మెరుపు కూడా పడదు. పరీక్ష ఫోటోకు ఎవరో ఒకరు కాకుండా, జరీ అంచు పట్టుచీరలో ఉన్న ఒకరినీ, తెల్ల పంచె కట్టిన ఒకరినీ, కళ్లజోడు ఉన్న ఒకరినీ పక్కపక్కన నిలబెట్టి తీయాలి. జరీ గీతలు, పంచె మడతలు, కళ్లు మూడూ కనిపిస్తే ఆ రాత్రికి లైట్లను ఇక కదపనక్కర్లేదు.

బూత్‌కు ప్రాణం ప్రింటర్. ఇంక్‌జెట్ ఇక్కడ పనికిరాదు. అతిథి అప్పుడే చేయి కడుక్కుని వస్తాడు, తడి వేలు తగిలితే సిరా చెదురుతుంది. ఈ పనికి డై సబ్లిమేషన్ ప్రింటర్లు వాడతారు. వాటిలో ద్రవరూపంలో సిరా ఉండదు. రిబ్బన్ మీద వరసగా పూసిన పసుపు, మెజెంటా, సయాన్ రంగులు వేడికి కాగితం పైపూతలో ఇంకుతాయి. నాలుగో విడతలో పారదర్శకమైన పొర ఒకటి పైన అంటుకుంటుంది. అందుకే ఫోటో బయటికి వచ్చేటప్పటికే ఆరిపోయి ఉంటుంది.

వేగంలో ప్రింటర్‌కూ ప్రింటర్‌కూ చాలా తేడా ఉంది. ఇంట్లో వాడుకునే కెనాన్ సెల్ఫీ సీపీ1500కు పోస్ట్‌కార్డు సైజు ఫోటో ఒకటి తీయడానికి సుమారు 41 సెకన్లు పడుతుంది. వేడుకల కోసమే చేసిన డీఎన్‌పీ డీఎస్-ఆర్‌ఎక్స్1హెచ్‌ఎస్ 4 × 6 అంగుళాల ఫోటోను సుమారు 12 సెకన్లలో ఇస్తుంది. ఒక కుటుంబం నాలుగు కాపీలు అడిగితే మొదటిదానికి 164 సెకన్లు, రెండోదానికి 48 సెకన్లు. ఒక్కో గుంపుకు రెండు నిమిషాలు అనుకుంటే, మొదటి ప్రింటర్‌తో ప్రతి గుంపుకూ వరస ముక్కాలు నిమిషం చొప్పున వెనకబడుతూ పోతుంది. రెండోదానితో, తర్వాతి కుటుంబం కొంగులు సర్దుకునేలోపే ముందువాళ్ల ఫోటోలు చేతికి వస్తాయి.

కాగితం లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. రాత్రి ఏడున్నర నుంచి పదిన్నర దాకా మూడు గంటలు, గంటకు 30 గుంపులు, మొత్తం 90. గుంపుకు నాలుగు కాపీలు, పెళ్లివారి పుస్తకానికి ఒకటి, వెరసి 450. డీఎన్‌పీ ప్రింటర్ రోల్‌కు 4 × 6 ఫోటోలు 700 వస్తాయి కనుక ఒక రోల్ చాలు. అయినా రెండోది సంచిలో లేకుండా బయల్దేరకూడదు. 2 × 6 అంగుళాల సన్న పట్టీలు ఎంచుకుంటే ఒక్కో కాగితం మీద రెండు వస్తాయి. కానీ రెండంగుళాల వెడల్పులో ఏడుగురి ముఖాలు ఆవగింజలంత అవుతాయి. పట్టీ స్నేహితులకు బాగుంటుంది, కుటుంబానికి 4 × 6 కావాలి.

ఫోటో కింద పెళ్లివారి పేర్లు, తేదీ, ఊరు వేయడం ఆనవాయితీ. ఆ డిజైన్ 1200 × 1800 పిక్సెళ్లలో ఉంటే అంగుళానికి 300 చుక్కల నాణ్యత వస్తుంది. అక్షరాలు అంచుకు పావు అంగుళం లోపలే ఉండాలి, లేకపోతే కత్తిరింపులో పోతాయి. కొన్ని బూత్ సాఫ్ట్‌వేర్‌లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి. ‘లక్ష్మి’, ‘కృష్ణ’ లాంటి పేర్లు చూస్తుండగానే ముక్కలవుతాయి. తెలుగు అక్షరాలను ముందే వేరేచోట కూర్చి, చిత్రంగా మార్చి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. పేర్ల వర్ణక్రమానికి శుభలేఖే ప్రమాణం.

కరెంటు కోసం డీజే లైను, కాఫీ మిషన్ లైను పంచుకోకూడదు. మెయిన్ పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో ప్రింటర్ ఆగితే సగం అచ్చయిన కాగితం, దాని వంతు రిబ్బన్ రెండూ వృథా. ప్రింటర్ వాడే వాట్లను మోయగల యూపీఎస్ మధ్యలో ఉండాలి. నేల మీది వైర్లను టేపుతో అంటించకపోతే పరికిణీ పిల్లలు తట్టుకుని పడతారు.

చేతిలో పట్టుకునే వస్తువుల్లో మీసాలు, నల్లకళ్లజోళ్లు అందరికీ తెలిసినవే. తెలుగు పెళ్లిలో వాటికంటే వరసలు రాసిన అట్టలు బాగా నడుస్తాయి: ‘పెళ్లికూతురి మేనమామ’, ‘పెళ్లికొడుకు బావమరిది’, ‘మేం మగపెళ్లివారం’, ‘ఆడపెళ్లివారి తరఫు’. ఏళ్ల తర్వాత ఆ ఫోటో చూసిన పిల్లలకు ఎవరు ఏమవుతారో అట్టే చెబుతుంది. సన్‌బోర్డు మీద, రెండంగుళాల ఎత్తు అక్షరాలతో రాయించాలి. అత్తాకోడళ్ల మీద, కట్నకానుకల మీద హాస్యం వద్దు. కొత్తగా కలిసిన వియ్యాలవారి మధ్య ఒక అట్ట మీది మాట చాలాకాలం మిగిలిపోతుంది.

బూత్‌కు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కెమెరా దగ్గర ఉంటే, రెండోవారు జనాన్ని పిలిచి, వరసలో నిలబెట్టి, ఫోటోలు చేతికందిస్తారు. ఆ రెండోవారు ఆడమనిషి అయితే కొంగు, నగలు సర్దమని చెప్పడం తేలిక. పెళ్లివారి పుస్తకంలో ఒక కాపీ అంటించి, పక్కన ఆశీస్సు రాయించే పని కూడా వారిదే. నున్నని ఫోటో మీద బాల్‌పెన్ జారిపోతుంది కనుక రాతంతా పుస్తకం కాగితం మీదే. ఫోన్‌కు పంపే కాపీలను ఆ కుటుంబానికే పంపాలి. అందరి ఫోటోలూ, అందులోనూ పిల్లలవి, ఒకే లింకులో ఊరందరికీ తెరిచి పెట్టడం తప్పు.

ఒప్పందం మాటతో కాక కాగితం మీద ఉండాలి: ఎన్ని గంటలు, ఎన్ని ప్రింట్లు, అవి దాటితే ఒక్కోదానికి ఎంత, ఇద్దరు మనుషులకు భోజనం, రవాణా, అడ్వాన్సు, ఫంక్షన్ వాయిదా పడితే ఏం చేయాలి. ముహూర్తాల రోజుల్లో ఒకే తేదీకి పది ఇళ్లు అడుగుతాయి కనుక శుభలేఖలు అచ్చుకు వెళ్లే నాటికే తేదీ ఖాయం చేసుకోవాలి. హాల్‌ను ముందురోజు ఒకసారి చూసుకుని, రిసెప్షన్‌కు రెండు గంటల ముందే సామాను దించాలి.

చివరి పని జనం వెళ్లాక. వాడేసిన రిబ్బన్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ రాత్రి బూత్‌కు వచ్చిన ప్రతి ముఖమూ నెగటివ్‌లా కనిపిస్తుంది. దాన్ని హాల్ చెత్తబుట్టలో వదిలేయడమంటే అతిథుల ఫోటోలను వీధిలో పారేసినట్టే. రిబ్బన్‌ను బయటికి తీసి, ముక్కలుగా కత్తిరించాకే బూత్ పని ముగిసినట్టు.