తొండల తగవు

వేసవి సెలవులు ముగిసి బడి తెఱచిన వారములో మన ప్రహరిగోడపై రెండు మగతొండలు ఎదురెదురుగా నిలిచియుండెను. ఒక బాలుడు వెంటనే రాయి తీసి, "అయ్యా! మెడ యెఱ్ఱబడినది చూడుడు, అది మన రక్తమును పీల్చుచున్నది" అనెను. "నాయనా, రాయి క్రింద పెట్టి కొంచెముసేపు చూడుము" అని మేమంటిమి. నాడు చూచినదానినే యిచట వివరించుచున్నాము.

తొండ రక్తమును పీల్చదు. చీమలు, మిడుతలు, పురుగులు దాని యాహారము. ఆ యెఱుపును చూచియే ఇంగ్లీషువారును దానికి 'బ్లడ్ సక్కర్' అని పేరిడిరి. 1802 సంవత్సరమున డోడాన్ అను ఫ్రెంచి పండితుడు దీనికి 'వర్సికలర్', అనగా వన్నెలు మార్చునది, అను శాస్త్రనామము నిచ్చెను. తొండ ముదిరి ఊసరవెల్లి యగునని లోకోక్తి కలదు గాని, అవి వేఱువేఱు జంతువులు. తొండ యెంత ముదిరినను తొండయే. గ్రుడ్లు పెట్టు కాలమున మగతొండ తలయు మెడయు ఎఱ్ఱబడును. చర్మమందలి రంగుకణములలో గలుగు మార్పే యిందుకు కారణము.

మగతొండ యెత్తైన చోటు నెక్కి, ముంగాళ్లను చాచుచు మడచుచు దేహమును పైకిని క్రిందికిని ఆడించును. గొంతు నుబ్బించి, డొక్కల నణచి, ప్రక్కకు తిరిగి నిలిచి, ఉన్నదానికంటె పెద్దదిగా కనబడును. "ఈ చోటు నాది" యని దాని భావము. పోటీకి వచ్చినదియు నట్లే చేయును.

ఇందువలన లాభమేమి? కఱచుకొన్నచో రెంటికిని గాయములగును. పోరులో మైమఱచిన తొండ కాకికో పిల్లికో చిక్కును. బలాబలములు చూపుతోనే తెలిసినచో, బలము తక్కువైనది ముందే తొలగిపోవచ్చును. ఏదియు వెనుదీయనపుడు మాత్రము కఱచుకొనుటయు గలదు.

దక్షిణదేశపు కొండబండలపై నివసించు వేఱొక తొండజాతిని బెంగుళూరు శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. ఆడదాని యెదుట దాని వీపు ఎఱుపుగను ప్రక్కలు నలుపుగను మాఱును. పోటీకి వచ్చిన మగదాని యెదుటనో, వీపు పసుపుగను ప్రక్కలు నారింజవన్నెగను మాఱును. ఒక్క దేహమే యిరువురికి రెండు వార్తల నందించుచున్నది!

మన గోడమీది తగవు కొన్ని నిమిషములలో ముగిసెను. చిన్నదాని యెఱుపు తగ్గి, మేను వెలవెలబోయెను. అది మెల్లగా గోడ దిగిపోయెను. రక్తపుబొట్టైనను రాలలేదు. ఆ బాలుడు తిరిగి రాయి కొఱకు వంగలేదు.

మీరును ఈ వేసవిలో ఒక తొండను దూరమునుండి కదలక చూడుడు. అది ఎక్కడ నిలిచినది, ఏ రంగు దాల్చినది, ఎన్నిమారులు దేహమాడించినది వ్రాసి తెండు.